వానాకాలపు రాయి

ఆగస్టు 3, శనివారం

ప్రవీణ్‌కుమార్ వచ్చాడు. రెండువేల తొమ్మిది బ్యాచ్ పిల్లవాడు. హచ్చొళ్ళి నుంచి వాళ్ళ నాన్న పిచ్చయ్యగారు పంపిన బియ్యం మూట భుజాన వేసుకుని మెట్లెక్కాడు. ఇప్పుడు బెంగళూరులో ఒక కన్సల్టెన్సీలో ఉద్యోగం.

ఉత్తర కన్నడ తీరంలో ఒక పల్లె దగ్గర జెట్టీ కడతారట. మన సండూరు కొండల ఖనిజం అక్కడ ఓడలకెక్కుతుందట. కట్టేముందు అక్కడి రాతి తీరం మీద ఏమేం బతుకుతున్నాయో నివేదిక ఇవ్వాలి. వాళ్ళ ఆఫీసులో సముద్రజీవాలు తెలిసినవాళ్ళు లేరు.

"రెండువందల పద్నాలుగు ఫోటోలుండాయి మేడమ్. మీరు చూసి యేది ఏందో చెప్తే చాలు. బళ్ళారిలో సముద్రం చదివినోళ్ళు మీరు తప్ప ఇంకెవరుండారు?" అన్నాడు.

నవ్వాను గానీ ఆ మాట బాగుంది. రిటైరై రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో నన్ను ఎవరూ ఏదీ అడగలేదు.

ఆగస్టు 4

ఇనప్పెట్టెలోంచి పాత నోట్సు తీశాను. కార్వార్ దగ్గర నాలుగేళ్ళు రాళ్ళ మీద మోకాళ్ళూని రాసుకున్నవి. ఉప్పు మరకలు ఇంకా ఉన్నాయి. ఆ పీహెచ్‌డీ అయ్యాక ఇక్కడి కాలేజీలో ఉద్యోగం వచ్చింది. సముద్రం మాత్రం వెంట రాలేదు.

ఈయన అంగడి కట్టేసి వచ్చి, "పొద్దున పోయేటప్పుడు ఆడనే ఉండావు, ఇప్పుడూ ఆడనే ఉండావు. లెయ్యి, అన్నం తిను," అన్నారు. తాళ్ళు, టార్పాలిన్లు అమ్మే మనిషికి నత్తల పేర్లు చెప్పి విసిగించాను. పాపం, విన్నారు.

ఆగస్టు 6

ఫోటోలు సగం అయ్యాయి. నల్లరాయి, తడిసి ఉంది. మీద పచ్చటి నాచు, పట్టులాగా. పై అంచున, అలల తుంపర్లు మాత్రమే తగిలేచోట, పగుళ్ళలో చిన్న నత్తలు మూడు రకాలు. మధ్య పట్టీలో అక్కడక్కడా రాతికి అంటుకుని బతికే బార్నకిల్స్, చాలావరకు ఉత్త గుల్లలే. కింది పట్టీలో ఆల్చిప్పలు లేవు. ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఫోటోల మీద తేదీలు లేవు. అడగాలి.

ఆగస్టు 7

ప్రవీణ్ ఫోన్ చేశాడు. అడగడం మరిచిపోయాను.

ఆగస్టు 10

సంతకం చేశాను. ప్రవీణ్ చివర్లో ఒక వాక్యం కావాలన్నాడు. "మీ భాషలో మీరే రాయండి మేడమ్, మేం ముట్టం." రాశాను: ఈ తీరంలో చెప్పుకోదగిన జీవసముదాయం కనిపించలేదు.

కనిపించలేదు అనే రాశాను. లేదు అని రాయలేదు.

సెప్టెంబర్ 12

నివేదిక ప్రింటు కాపీ వచ్చింది. మొదటి పేజీలో నా పేరు, కింద 'విషయ నిపుణురాలు' అని. కాలేజీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. నలభై ఒక్కమంది అభినందించారు. హిమబిందు ఫోన్ చేసి, "మా డిపార్ట్‌మెంట్ బోర్డు మీద అంటిస్తాను మేడమ్," అంది. నా కుర్చీలో ఇప్పుడు ఆ అమ్మాయే.

అక్టోబర్ 19

మధ్యాహ్నం తెలియని నంబరు. ఆడగొంతు. వెనక గాలి హోరు.

"నమ్మ బండె మేలె ఏనూ ఇల్ల అంత బరెదవరు నీవేనా?"

మా బండ మీద ఏమీ లేదని రాసింది మీరేనా, అని. నమస్కారం లేదు, కోపమూ లేదు. పేరు మహాదేవి. ఆ పల్లె మనిషే. నివేదిక కాపీ పంచాయతీ ఆఫీసులో పెడితే, పదో తరగతి చదివే కూతురు మేఘ చదివి చెప్పిందట. చివరి పేజీలో నా నంబరు ఉంది. ఆల్చిప్పలు తీసి అమ్మే ఆడవాళ్ళు ఆ ఊళ్ళో ముప్పైమంది ఉన్నారంది.

ఫోటోలు చూసి రాశానమ్మా, వాటిలో ఏముందో అదే రాశాను అన్నాను.

"యావ తింగళ ఫోటో?" అంది.

ఏ నెల ఫోటో?

చూసి చెప్తానని పెట్టేశాను.

అక్టోబర్ 20

ఫోటోల్లో ఉన్నదే రాశాను.

అక్టోబర్ 21

ఈయనతో చెప్పాను. టీ గ్లాసు కింద పెట్టి, "నువ్వు పొయ్ చూసినావా?" అన్నారు.

"లేదు."

"చూడకుండా లేదని ఎట్ల రాస్తివి?"

ఫోటోల సంగతి మళ్ళీ మొదటినుంచి చెప్పాను. ఆయన వింటూ వింటూ పంచాంగం కింద దొరికిన రబ్బరుబ్యాండు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నారు. నేను ఆపాక, "సరే," అన్నారు.

అక్టోబర్ 24

ప్రవీణ్‌కి ఫోన్ చేశాను. ఏ నెలవి అని సూటిగా అడిగాను.

"జూలై మేడమ్."

"జూలైలో తీసినవి ఎలా వాడతావు ప్రవీణ్? వానల్లో అలలు బాది బాది ఆల్చిప్పలు రాలిపోతాయి. ఏటి నీళ్ళొచ్చి కలిస్తే ఉప్పు తగ్గి మిగిలినవీ చాలావరకు చస్తాయి. జూలైలో ఏ రాయైనా ఖాళీగానే ఉంటుంది. సెప్టెంబర్ దాటితే కొత్త పిల్లలొచ్చి అంటుకుంటాయి, డిసెంబరుకు రాయి కనపడకుండా నిండుతుంది. ఇది క్లాసులో..."

"క్లాసులో మీరే చెప్పినారు మేడమ్. నోట్సు కూడా ఉండాది నా దగ్గర."

వాడే అన్నాడు: "పై వాళ్ళు నన్ను జూలైలోనే పంపినారు, నేనేం జేసేది? చిన్నబిడ్డ ఉండాది ఇంట్లో. మీరు ఆ నాచు చూస్తానే అడుగుతారనుకున్యా. అడిగింటే చెప్పేసేవాణ్ణి, దేవుడి సాక్షి. మీరు అడగలేదు."

అక్టోబర్ 25

నాకు తెలియదు. ముప్పై ఏళ్ళయింది రాయి ముఖం చూసి. ఫోటోలో నాచు ఏ కాలంలోనైనా ఉండవచ్చు.

అక్టోబర్ 26

ఏ కాలంలోనైనా ఉండదు. ఆ రంగు నాచు వానల్లో తప్ప అంత పరుచుకోదు. ఎండ తగిలిన వారానికి మాడిపోయి తెల్లబడుతుంది. నా థీసిస్‌లో మూడో అధ్యాయం అంతా అదే.

నవంబర్ 2

రాయడానికి ఏమీ లేదు.

నవంబర్ 15

పౌర్ణమి. ఆటు ఎప్పుడో లెక్కేసి చూశాను. ఊరికే.

డిసెంబర్ 14

మహాదేవికి నేనే ఫోన్ చేశాను. వస్తున్నానని చెప్పాను. "పున్నమి మర్నాడు రండి, నీళ్ళు బాగా దిగుతాయి," అంది, ఎవరో చుట్టం వస్తున్నట్టు. ఈయన కూడా వస్తానన్నారు. "నేను అంగడి రెండు రోజులు మూస్తా. నువ్వు ఒక్కదానివే రాళ్ళ మీద పొయ్ పడితే?"

డిసెంబర్ 16, సోమవారం

హుబ్బళ్ళి దాకా రైలు, అక్కణ్ణించి ఘాట్ బస్సు. రాత్రి మహాదేవి ఇంటి అరుగు మీదే పడుకున్నాం. తెల్లవారుతూండగా తీరానికి వెళ్ళాం.

ఇది మరిచిపోకుండా రాసుకోవాలి.

నీళ్ళు ఇంకా దిగుతున్నాయి. ముందు పై పట్టీ తేలింది: పొడిగా, బూడిదరంగుగా, పగుళ్ళనిండా నత్తలు. తర్వాత మధ్య పట్టీ. బార్నకిల్స్ ఎంత దట్టంగా ఉన్నాయంటే కాలు పెడితే కరకరమంది. తర్వాత కింది రాయి. రాయి కనిపించలేదు. పచ్చటి ఆల్చిప్పలు ఒకదాని మీద ఒకటి, సందు లేకుండా. వాటి మధ్య పీతలు, ముళ్ళకాయల్లాంటి అర్చిన్లు, చిన్న చిన్న మడుగుల్లో రొయ్య పిల్లలు.

ఇంటినుంచి తెచ్చిన అడుగు చదరపు ఇనుప చట్రం రాతి మీద పెట్టి లెక్క మొదలుపెట్టాను. చలిగా ఉందని మహాదేవి తన తలగుడ్డ తీసి ఇచ్చింది.

ఆమెకు యాభై ఉంటాయి. మోకాళ్ళ కింద పాత గాట్లు. కత్తితో ఒకటి విడదీస్తూ మాట్లాడింది. ఆమెది కన్నడం, నేను నా భాషలో రాస్తున్నాను.

"ఇదిగో, ఇవి ఎండకు ఓర్చుకుంటాయి, అందుకే పైన. వీటికి రోజుకు రెండుసార్లైనా నీళ్ళు తగలాలి. ఈ ఆల్చిప్పలకు అల కావాలి, ఎంత కొడితే అంత గట్టిగా పట్టుకుంటాయి. జెట్టీకి ఆ గోడ కడితే అల ఆగిపోతుందా?"

"ఆగిపోతుంది."

"అప్పుడు ఇక్కడ ఇసుక కూర్చుంటుంది."

"అవును."

"మీకు అన్నీ తెలుసే," అంది. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే ఆశ్చర్యపోయింది.

ఎనిమిది చట్రాలు లెక్కపెట్టాను. సగటున చట్రానికి నూట ముప్పై. వచ్చే నెల పబ్లిక్ హియరింగ్ అట. ఈ లెక్క అక్కడ చెప్తారా అని అడిగింది. చెప్తానన్నాను. మాటిచ్చాను.

ఈయన ఒడ్డునే చెప్పులు చేత పట్టుకుని నిలబడ్డారు. తిరుగు ప్రయాణంలో, "ఇన్నేళ్ళూ నాకు ఒక్కసారీ చూపించలేదే," అన్నారు.

డిసెంబర్ 29

చెప్పవలసింది కాగితం మీద పెట్టాను. డిసెంబర్ లెక్క, థీసిస్ పట్టికలు, జూలైకీ డిసెంబరుకీ తేడా. బాగా వచ్చింది. నా సంతకం గురించి ఒక పేరా ఉండాలి. అది తర్వాత.

జనవరి 11

ఆ పేరా ఇంకా రాయలేదు. అడిగితే చూసుకోవచ్చు. అడగకపోవచ్చు.

జనవరి 21, మంగళవారం

షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, మైకు. వేదిక మీద అధికారులు నలుగురు. ముందు వరసలో పల్లె ఆడవాళ్ళు. మూడో వరసలో ప్రవీణ్, తలొంచుకుని. వాడి పక్కన వాళ్ళ కంపెనీ పెద్దాయన.

నా వంతు వచ్చింది. లెక్కలు చదివాను. గొంతు బాగానే ఉంది, క్లాసులోలాగే. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. కూర్చోబోతూంటే పెద్దాయన లేచాడు. చాలా మర్యాదగా అడిగాడు.

"మేడమ్, ఒక్క ప్రశ్న. ఆ ఫోటోలు వానాకాలానివని సంతకం పెట్టిన రోజు మీకు తెలుసా, తెలియదా?"

మైకు చేతిలోనే ఉంది. అందరూ చూస్తున్నారు. మహాదేవి కూతురు మేఘ ఫోనులో వీడియో తీస్తోంది.

"తెలియదు," అన్నాను.

ఆయన వేదికవైపు తిరిగాడు. "రాతి ఫోటో చూసి కాలం పోల్చుకోలేకపోయానని నిపుణురాలే ఒప్పుకుంటున్నారు. వారి ఆగస్టు అభిప్రాయం అంత తేలికదైతే, డిసెంబర్ అభిప్రాయం ఎంత గట్టిదో కమిటీ వారే ఆలోచించాలి." అధికారి ఏదో రాసుకున్నాడు. "నెక్స్ట్," అన్నాడు.

బయటికి వచ్చేటప్పుడు మహాదేవి ఎదురైంది. చాలాసేపు నా ముఖంలోకి చూసింది. "మీ బస్సు నాలుగింటికి. అక్కడ నిలబడితే ఆగదు, అటుపక్క నిలబడండి," అని చెప్పి వెళ్ళిపోయింది.

జనవరి 22

ప్రవీణ్ కోసం అన్నాను. తెలుసంటే వాడి ఉద్యోగం పోయేది. పసిబిడ్డ తండ్రి.

జనవరి 23

ప్రవీణ్ కోసం.

జనవరి 27

ప్రవీణ్ కోసం కాదు. మైకు పట్టుకున్నప్పుడు వాడు నా మనసులోనే లేడు. నాకు గుర్తొచ్చింది కాలేజీ నోటీసు బోర్డు.

ఫిబ్రవరి 5

ఉత్తరం రాశాను. ఆ ఫోటోలు వానాకాలానివని మొదటి రోజే పోల్చుకున్నాను, తెలిసే సంతకం పెట్టాను, హియరింగులో చెప్పింది అబద్ధం అని. మూడు కాపీలు: కమిటీకి, కన్సల్టెన్సీకి, కాలేజీకి. పోస్టు చేసేముందు ప్రవీణ్‌కి చదివి వినిపించాను.

"నన్ను ముంచుతాండారు మేడమ్."

"నీ పేరు రాయలేదు."

"రాయకుంటే? ఫోటోలు ఎవురు తీసినారంటే?"

ఏడుస్తున్నట్టు అనిపించింది. కాసేపటికి వాడే పెట్టేశాడు. రిజిస్టర్ పోస్టులో పంపాను. కంటోన్మెంట్ పోస్టాఫీసులో క్యూ లేదు.

మార్చి 9, ఆదివారం

ప్రవీణ్ వాళ్ళ నాన్న పిచ్చయ్యగారు వచ్చారు. ప్రవీణ్ ఉద్యోగం పోయింది. పదిహేను రోజులుగా హచ్చొళ్ళిలోనే ఉన్నాడట, గదిలోంచి బయటికి రావడం లేదట.

నేను లేచి నిలబడ్డాను. ఆయన కుర్చీ అంచున కూర్చున్నారు. ఈ వైపుకొచ్చి యాభై ఏళ్ళయినా ఆయన మాట ఇంకా కోస్తా మాటే.

"తప్పెవరిదని అడగడానికి రాలేదమ్మా. మావాడు చేసింది తప్పేనండి. వాడే చెప్పాడు. ఒక్కటే అడుగుదామని వచ్చాను. మీరు మొదట్లోనే, వీల్లేదురా, తప్పురా అని ఉంటే, వాడు మీ మాట కాదనేవాడా?"

"కాదనేవాడు కాదు."

తలూపారు. నీళ్ళిస్తే సగం తాగి గ్లాసు జాగ్రత్తగా బల్ల మీద పెట్టారు. ఈయన బస్టాండు దాకా వెళ్ళి బస్సెక్కించి వచ్చారు.

మార్చి 10

హిమబిందు బోర్డు మీది కాగితం తీసేసిందట. ఫోన్ చేసి చెప్పింది. తీసేయడం కంటే చెప్పడమే ఆ అమ్మాయికి కష్టమైనట్టుంది.

ఏప్రిల్ 26

కమిటీ నుంచి జవాబు. రెండు పంక్తులు. అభ్యంతరాల గడువు ముగిశాక అందినందున నా ఉత్తరాన్ని పరిశీలించలేదట. జెట్టీకి అనుమతి ఇచ్చిన సంగతి పేపర్లో చూశాను, లోపలి పేజీలో.

ఏప్రిల్ 27

మహాదేవికి చెప్పాలి. అనుమతి సంగతి ఆమెకు ఈపాటికి తెలిసే ఉంటుంది. నా సంగతి.

మే 1

చెప్పాను. జనవరిలో అబద్ధమాడానని, తెలిసే సంతకం పెట్టానని.

"గొత్తిత్తు," అంది. తెలుసు.

ఎప్పటినుంచి అని అడిగాను.

"డిసెంబరులో మీరు లెక్కపెడుతున్నప్పుడు. అంత తెలిసినావిడకు ఆ ఫోటో తెలియకపోవడం ఏమిటి అనుకున్నా. మీ నోటితో మీరే చెప్తారనుకున్నా, అక్కడ, అందరి ముందు." తర్వాత, "పంతొమ్మిదో తేదీనుంచి ఆ గోడకు బండలు దింపుతారంట. పున్నమికి చివరిసారి దిగుతున్నాం. రావాలంటే రండి," అంది.

మే 13, మంగళవారం

మహాదేవి ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. ఈసారి ఒక్కదాన్నే వచ్చాను.

సాయంత్రం ఆటు. ఆడవాళ్ళందరూ వచ్చారు. ముసలివాళ్ళు కూడా. ఒడ్డున నల్లబండలు గుట్టలుగా పోసి ఉన్నాయి. లారీలు రెండు ఖాళీగా నిలబడి ఉన్నాయి.

వాళ్ళకొక పద్ధతి ఉంది. వేలెడంత లేనిదాన్ని ముట్టుకోరు. డిసెంబరులో పొరపాటున ఊడివచ్చిన పిల్లను మహాదేవి మళ్ళీ పగులులో దూర్చడం చూశాను. ఈరోజు అన్నీ తీశారు. కత్తుల చప్పుడు, బుట్టల్లో పడే చప్పుడు.

కింది అంచున విడిరాళ్ళు ఉన్నాయి. కొబ్బరికాయంతవి. వాటినిండా గోరంత ఆల్చిప్పలు. మహాదేవి ఆ రాళ్ళను మాత్రం విడిగా ఒక బుట్టలో పేర్చి, తడిగోనె కప్పింది. నా దగ్గరికి మోసుకొచ్చింది.

"ఏరు సముద్రంలో కలిసేచోట ఇట్లాంటి రాయే ఉంది. నల్లదే. ఎండా ఇంతే. వీటిని అక్కడ పెడదామనుకుంటున్నా. మేఘ, నేను ఇప్పుడే మోసుకుపోతాం." గోనె ఎత్తి చూపించింది. "బతుకుతాయా?"

చుట్టూ కత్తులు ఆగాయి. నావైపే చూస్తున్నారు. ఇంత జరిగాక కూడా నన్ను అడుగుతున్నారు.

ఆ చోటు నాకు తెలుసు. పొద్దున బస్సులోంచి చూశాను. అలాంటి చోట్లు నాలుగేళ్ళు కొలిచాను. బతకవచ్చు అంటే చాలు, ఆమె సంతోషంగా మోసుకుపోతుంది. వానలు మొదలయ్యేనాటికి నేను బళ్ళారిలో ఉంటాను.

"బతకవు," అన్నాను.

"ఒక్కటీనా?"

"ఒక్కటీ. వానల్లో అక్కడ నీళ్ళు పూర్తిగా తియ్యనవుతాయి. ఇవి చిప్పలు మూసుకుని పది పన్నెండు రోజులు ఆగుతాయి. ఆపైన పట్టలేవు."

మహాదేవి ఏటివైపు చూసింది. "అవును. ఆషాఢంలో అక్కడి నీళ్ళు తాగొచ్చు," అంది మెల్లగా.

బుట్ట దించి కూర్చుంది. ఒక రాయి ఒళ్ళో పెట్టుకుని, గోరంతవాటిని కత్తిమొనతో ఒక్కొక్కటే ఊడదీయడం మొదలుపెట్టింది. కూరకు కూడా చాలనివి. కాసేపటికి తల ఎత్తకుండానే నడుముకు దోపుకున్న రెండో కత్తి తీసి నావైపు చాపింది. తీసుకుని పక్కన కూర్చున్నాను.

పోటు మొదలైంది. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చేవరకు ఎవరమూ లేవలేదు.